పేరిందేవి అడిగిన తాటాకు

ఏ కాలమో సరిగ్గా చెప్పలేం గాని పిల్లలూ, వానలు వేళకు కురిసే ఒక మంచి కాలంలో కేసరావతి అనే రాజ్యం ఉండేది. దాన్ని విక్రాంతవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఎవరేం చెప్పినా వినేవాడు. కాకపోతే ఆయనకు చెప్పేవాళ్లు ఎప్పుడూ ఆ కొద్దిమందే. అందుకని చాలా సంగతులు ఆయన దాకా వచ్చేవి కావు.

కోట లోపల ఒక పెద్ద పురిటిశాల ఉండేది. కట్టెలమ్ముకునే ఆమెకు నొప్పులు వచ్చినా, రాణిగారికి వచ్చినా అక్కడికే రావాలని పాత రాజులు పెట్టిన కట్టుబాటు. ఒకప్పుడు అక్కడ ఆరుగురు మంత్రసానులు ఉండేవారు. ఏడాదికి పది పుట్ల ధాన్యం, ఉండటానికి ఇల్లు, ముసలితనంలో భరణం ఇచ్చేవారు. వాళ్లు ముసలివాళ్లయి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల చోట ఎవరినీ వేయలేదు. చివరికి పేరిందేవి అనే ఆమెను పిలిచి, "ప్రస్తుతానికి నువ్వు చూస్తూ ఉండు, తాత్కాలికం" అన్నారు.

ఆ ప్రస్తుతం పదకొండేళ్లు సాగింది.

ఆరుగురి పని ఆమె ఒక్కతే చేసేది. ధాన్యం మాత్రం మూడు పుట్లు. అదైనా చేతికి వచ్చేసరికి కోతలు పోయి మళ్లీ నాట్లు పడేవి. అంతకన్నా వింత ఇంకొకటి ఉంది. ఏటా ఒక రోజు ఆమెను ఉద్యోగం నుంచి తీసేసేవారు. మర్నాడు మళ్లీ పెట్టుకునేవారు. అలా చేస్తే ఆమె ఎన్నేళ్లు పనిచేసినా, లెక్కకు ఏడాది కూడా నిండదట.

"అదేం న్యాయం బాబూ" అని పేరిందేవి ఒకసారి అడిగింది.

"న్యాయం కాదమ్మా, నిబంధన" అన్నాడు అక్కడి గుమాస్తా.

ఉద్యోగాలు ఇచ్చే పని నియామక మండలి చూసుకునేది. అందులో తొమ్మిదిమంది పెద్దలు. వాళ్లలో అందరికీ పెద్ద శంఖపాలుడు. మండలివారు దండోరా వేయిస్తే మంత్రసాని ఉద్యోగానికి పరీక్ష జరుగుతుంది. నెగ్గినవాళ్లకు ఉద్యోగం ఖాయం అవుతుంది.

మొదటిసారి దండోరా పడేనాటికి పేరిందేవికి చదువు రాదు. పక్కింటి పంతులుగారి భార్య దగ్గర కూర్చుని, ఎనిమిది నెలలు కష్టపడి అక్షరాలు నేర్చుకుంది. పరీక్ష రుసుము కట్టింది. నాలుగు వేలమంది ఆడవాళ్లు వచ్చారు. కొందరు చంటిబిడ్డల్ని చంకనెత్తుకుని వచ్చారు. ఎర్రటి ఎండలో కూర్చుని తాటాకుల మీద గంటంతో జవాబులు రాశారు. ఫలితం ఎప్పుడని అడిగితే, "పరిశీలనలో ఉంది" అన్నారు. మూడేళ్లు పరిశీలనలోనే ఉంది.

రెండోసారి దండోరా పడింది. మళ్లీ రుసుము కట్టింది, మళ్లీ రాసింది. పరీక్షకు ముందురోజే ప్రశ్నలు తమలపాకుల కొట్లో అమ్మారని తర్వాత తెలిసింది. కొన్నవాళ్లెవరో, అమ్మినవాళ్లెవరో పట్టుకోలేదు. పరీక్ష మాత్రం రద్దు చేశారు. కట్టిన రుసుము తిరిగి ఇవ్వలేదు.

మూడోసారి దండోరా పడేసరికి పేరిందేవికి ముప్పై ఏడేళ్లు. ఉద్యోగానికి నలభై దాటకూడదని నియమం. ఈసారి ప్రశ్నలు బాగున్నాయి. ఆమె బాగా రాసింది. ఇంటికి వచ్చి మొగుడితో, "ఈసారి వస్తుందయ్యా, నాకు తెలుస్తోంది" అంది.

నాలుగేళ్లు గడిచాయి. ఏ కబురూ లేదు.

ఆ ఏడాది కూడా ఆమెను ఉద్యోగం నుంచి తీసేసే ఆ ఒక్క రోజు వచ్చింది. పొద్దున్నే పేరిందేవి ఇంట్లో పప్పు రుబ్బుకుంటోంది. కోట నుంచి దాసి ఒకతె పరిగెత్తుకు వచ్చింది. ఒంటి మీద కొంగు నిలవడం లేదు.

"రాణిగారికి నొప్పులు మొదలయ్యాయమ్మా. ఇంకా ఇరవై రోజులున్నాయనుకున్నాం. పురిటిశాలలో ఎవరూ లేరు. బిడ్డ అడ్డంగా ఉందంటున్నారు."

పేరిందేవి చెయ్యైనా కడుక్కోలేదు. పరుగున కోట వాకిలి దగ్గరికి వెళ్లింది. అక్కడ మండలి గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"ఈవేళ నువ్వు ఉద్యోగివి కావు. నీ పేరు పట్టీలో లేదు. లోపలికి పంపితే నిబంధన తప్పినట్టవుతుంది. రేపు సూర్యోదయం కాగానే రా" అన్నాడు.

"బాబూ, అప్పటిదాకా లోపల తల్లి ఉండదు, బిడ్డ ఉండదు."

"శంఖపాలులవారి అనుమతి తెచ్చుకో. ఆయన పొరుగూరు వెళ్లారు."

పేరిందేవి అతని ముఖంలోకి చూసింది. ఆ మనిషి నవ్వులాటకు అనడం లేదు. నిజంగానే అంటున్నాడు. చేతిలో పట్టీ పట్టుకుని, అందులో ఆమె పేరు లేని చోటు వేలితో చూపిస్తున్నాడు.

వాకిలి దగ్గర గురవయ్య అనే కావలివాడు ఉన్నాడు. అతనూ తొమ్మిదేళ్లుగా తాత్కాలికమే. అతను గుమాస్తాను చూశాడు, పేరిందేవిని చూశాడు. మెల్లగా గడియ తీశాడు.

"లోపలికి పో అక్కా" అన్నాడు.

"నీ పని పోతుంది తమ్ముడూ."

"ఎలాగూ వచ్చే నెల ఒకరోజు తీసేస్తారుగా. ఈవేళే తీసేశారనుకుంటాను. నువ్వు పో."

మధ్యాహ్నం ఎండ గోడ దిగే వేళకు పురిటిశాలలో బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

రాజు ఆనందంతో వచ్చాడు. రాణి మంచం మీద నుంచి నీరసంగా, "బిడ్డను తిప్పుతున్నంతసేపూ ఈమె నా చెయ్యి వదలలేదు. ఈమెకు ఏమిచ్చినా తక్కువే" అంది.

రాజు పేరిందేవి వైపు తిరిగాడు. "అమ్మా, ఇక్కడ నువ్వు ఏ ఉద్యోగంలో ఉన్నావు?"

"ఈవేళకి ఏ ఉద్యోగంలోనూ లేను ప్రభూ. రేపటి నుంచి తాత్కాలిక మంత్రసానిని."

రాజుకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు పుట్ల సంగతి, ఏటా ఒకరోజు తీసేసే సంగతి, వాకిట్లో ఆపిన సంగతి, గురవయ్య గడియ తీసిన సంగతి, అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు. కన్నీళ్లు పెట్టలేదు. వింటున్నకొద్దీ రాజు ముఖంలో రంగు మారిపోయింది. ఒక పట్టీలో పేరు లేనందుకు తన భార్యా బిడ్డా గడప ఇవతల చచ్చిపోయేవాళ్లు.

రాజు, "ఏం కావాలో కోరుకో అమ్మా. ఊరు కావాలా, మాన్యం కావాలా?" అన్నాడు.

పేరిందేవి ఆలోచించింది. "నాలుగేళ్ల కిందట నేను ఒక పరీక్ష రాశాను ప్రభూ. ఆ తాటాకు ఒక్కసారి చూపించండి. నెగ్గానో లేదో తెలుసుకుంటాను. నెగ్గకపోతే నెగ్గలేదని తెలుస్తుంది, మనసు కుదుటపడుతుంది."

ఊళ్లు ఇస్తానంటే ఈమె తన జవాబు చూస్తానంటోందేమిటని రాజు తెల్లబోయాడు. వెంటనే ఆమెను వెంటబెట్టుకుని మండలి భవనానికి వెళ్లాడు. పొరుగూరి నుంచి అప్పుడే దిగిన శంఖపాలుడు, రాజును చూసి కంగారుగా ఎదురొచ్చాడు.

"మూడో పరీక్ష తాటాకులు ఎక్కడున్నాయి?"

శంఖపాలుడు వెనక ఉన్న కొట్టు గది చూపించాడు. తలుపు బందులు తుప్పుపట్టి ఉన్నాయి. ఇద్దరు భటులు భుజాలు ఆనించి నెడితే గాని తలుపు తెరుచుకోలేదు.

లోపల నేల నుంచి వాసాల దాకా తాటాకు కట్టలు. మూడు పరీక్షలవీ ఉన్నాయి. మీద అరచెయ్యి మందాన దుమ్ము. ఒక్కో కట్టను రాసినవాళ్లే ఒక్కో దానితో కట్టి ఇచ్చారు. ఒకరు పసుపు దారంతో, ఒకరు కొబ్బరి పీచుతో, ఒకరు పిల్లవాడి మొలతాడుతో. రాజు వంగి ఒక ముడి చూశాడు. ఇంకో ముడి చూశాడు. పది చూశాడు, వంద చూశాడు. ఒక్క ముడి కూడా విప్పి లేదు.

పదకొండు వేలమంది రాసిన జవాబులు. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ చదవలేదు.

రాజు గోడ పట్టుకున్నాడు.

ఈలోగా పేరిందేవి తన కట్టను గుర్తుపట్టింది. చీర అంచు చింపి కట్టిన నీలం పేలిక. ఆమె వేళ్లకు ఆ ముడి రాలేదు. రాజే విప్పి, గట్టిగా చదివాడు.

"ప్రశ్న. బిడ్డ అడ్డం తిరిగితే ఏం చేస్తావు? జవాబు. ముందు తల్లి చెయ్యి పట్టుకుంటాను. తల్లి బెదిరితే ఒళ్లు బిగుసుకుపోతుంది, బిడ్డ తిరగదు. నొప్పి సద్దుమణిగినప్పుడు ఆముదం రాసిన చేత్తో పొట్ట మీద నుంచి మెల్లగా తిప్పుతాను. తొందరపడను."

రాజు ఆ ఆకును శంఖపాలుడి ముందుకు చాపాడు.

"ఎందుకు చదవలేదు?" అని రాజు అడిగాడు.

శంఖపాలుడు చేతులు కట్టుకుని చెప్పాడు. "ప్రభూ, చదివితే ఫలితం చెప్పాలి. ఫలితం చెబితే ఉద్యోగం ఇవ్వాలి. ఉద్యోగం ఇస్తే పది పుట్లు ఇవ్వాలి. ఇప్పుడు మూడింటితో పని జరిగిపోతోంది. పైగా దండోరా వేసినప్పుడల్లా రుసుము వస్తోంది. ఇదంతా ఖజానా మేలు కోసమే. అందుకేగా తమరు ఏటా నాకు శాలువా కప్పుతున్నారు."

ఈ మాట రాజుకు గుండెల్లో దిగబడింది. నిజమే. ఖర్చు తగ్గిందని మెచ్చుకుని, నిండు సభలో ఆ శాలువా కప్పింది తానే. ఎలా తగ్గిందని ఒక్కనాడూ అడగలేదు.

"ఇంకో సంగతి ప్రభూ" అన్నాడు శంఖపాలుడు ధైర్యం తెచ్చుకుని. "ఇప్పుడు చదివినా ఈమెకు ఉద్యోగం రాదు. నలభై దాటింది."

"ఎప్పుడు దాటింది?"

"ఫలితం కోసం చూస్తూండగా."

రాజు భటుల వైపు తిరిగాడు. "నువ్వు ఖాయమా, తాత్కాలికమా?" "తాత్కాలికం ప్రభూ." "నువ్వు?" "తాత్కాలికమే ప్రభూ." వంటవాణ్ణి అడిగించాడు. వైద్యుణ్ణి అడిగించాడు. పాఠశాలలో పంతుళ్లను అడిగించాడు. తనకు అన్నం పెట్టేవాడూ, మందు ఇచ్చేవాడూ, తన వాకిలి కాచేవాడూ, అందరూ తాత్కాలికమే. కోట మొత్తానికి ఖాయమైన ఉద్యోగులు తొమ్మిదిమంది. ఉద్యోగాలు ఇవ్వవలసిన ఆ మండలివారు.

మర్నాడు సభలో రాజు తీర్పు చెప్పాడు.

"ఈ తొమ్మిదిమందీ ఇవాళ్టి నుంచి తాత్కాలికం. జీతం మూడు పుట్లు. ఆ కొట్లోని ప్రతి ముడీ తమ చేతులతో విప్పి, ప్రతి ఆకూ చదవాలి. పేరిందేవికి అక్షరాలు నేర్పిన పంతులుగారి భార్య పక్కన కూర్చుని సరిచూస్తుంది. మేం ఆలస్యం చేసిన కాలం ఎవరి వయసులోనూ కలవదు. పనిచేసినవాళ్లకు చేరిన మొదటి రోజు నుంచి నిండు జీతం లెక్కగట్టి ఇవ్వాలి. అందుకు ఖజానా చాలకపోతే నా నగలు అమ్మండి. గడియ తీసిన గురవయ్యను ఎవరూ పనిలోంచి తీయకూడదు."

తొంభై రోజులకు మంత్రసానుల ఫలితం వచ్చింది. ఉన్న ఖాళీలు ఆరు. పేరిందేవి మూడో స్థానంలో నెగ్గింది. కబురు విని ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. "అయితే నేను బాగానే రాశాను" అని మాత్రం అంది.

మొదటి స్థానం గంగాపురంలో ఉండే లచ్చమ్మది. ఆ కబురు తానే స్వయంగా చెబుతానని రాజు ఆమె తాటాకు తీసుకుని గుర్రమెక్కి వెళ్లాడు. ఒక ముసలావిడ తలుపు తీసింది. లచ్చమ్మ తల్లి.

"లచ్చమ్మ రెండేళ్ల కిందటే పోయింది బాబూ" అని, ఆయన చేతిలోని తాటాకు చూసింది. "పరీక్ష సంగతా? నెగ్గిందా?"

"నెగ్గిందమ్మా."

"ఎన్నో స్థానం?"

"మొదటి స్థానం."

ముసలావిడ ఆ తాటాకు తీసుకుని గుండెకు ఆనించుకుంది. "చెప్పింది నాకు, బాగా రాశానని. ప్రతి బండి చప్పుడుకూ వీధిలోకి వెళ్లి చూసేది" అంది.

రాజు ఆ గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

కాబట్టి పిల్లలూ, పని చేయించుకుని తగిన జీతం ఇవ్వనివాడూ, పరీక్ష పెట్టి ఫలితం చెప్పనివాడూ దోచుకునేది మనుషుల ఆయుష్షును. దాన్ని ఏ ఖజానా తిరిగి ఇవ్వలేదు.