తూనీగలమ్మకు గుడి ఎందుకు లేదంటే

గవ్వలపేట రేవులో తెల్లవారుజామున మోటారు పడవ ఎక్కితే, తీరం కంటికి ఆనకుండా పోయిన చాలాసేపటికి తూనీగల దిబ్బ కనబడుతుంది. దిగగానే గోపురం ఎక్కడని వెతికే భక్తులకు ముందే మనవి: ఇక్కడ గుడి లేదు, కట్టరు, కట్టనివ్వరు. ఉన్నవల్లా మొగలి పొదలు, వాటి చుట్టూ తూనీగలు. వానగాలితో సముద్రం దాటి వచ్చే పెద్ద తూనీగలు కొన్ని. సూదిలా సన్నగా, ఎర్రగా, ఇక్కడే పుట్టి ఇక్కడే గిట్టేవి కొన్ని. ఏరూ చెరువూ లేని ఈ ఉప్పు దిబ్బ మీద అవి ఎలా బతుకుతున్నాయో తెలిస్తే అమ్మవారి కథ తెలిసినట్టే.

పూర్వం ఇక్కడ మనిషి అడుగు పడేది కాదు. ఆ కాలంలో గవ్వలపేటలో దాలమ్మ అనే పడుచు ఉండేది. మొగుణ్ణి సముద్రం మింగింది. చంకలో పాలు తాగే పిల్ల. ఊరు పిలిచి ఇంత గంజి పోసిందా? లేదు. సరేనని ఆమె మొగుడి తెప్పను తానే నీళ్ళలోకి తోసి వేటకు పోయింది. అంతే, ఊరు భగ్గుమంది! ఆడది తెప్ప ఎక్కితే గంగమ్మ అలుగుతుందని అప్పట్లో నమ్మకం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది వాళ్ళ తీరు. ఆ ఏడు వలలకు చేప పడకపోతే ఆ పాపాన్నీ ఆమె నెత్తినే రుద్దారు. కులపెద్ద గన్నయ్య తల్లీబిడ్డలను పడవలో తెచ్చి ఈ దిబ్బ మీద దింపేశాడు.

"గంగమ్మ నీ పక్షమైతే నీళ్ళు ఆయమ్మే ఇస్తాది," అన్నాడు.

దాలమ్మ కాళ్ళావేళ్ళా పడలేదు. "ఇస్తాది మావా, ఎల్లు," అంది.

అన్నదే గానీ నీళ్ళెక్కడివి? ఎక్కడ చెలమ తవ్వినా ఉప్పే ఊరింది. నోరు పిడచకట్టుకుపోయింది. పాలు ఇంకిపోయాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడం కూడా మానేసింది. అప్పుడు దాలమ్మకు భయం పోయి ఒళ్ళు మండింది. ఒడ్డున నడుం మీద చెయ్యి వేసుకు నిలబడి కడలిని నిలదీసింది.

"ఒలే గంగమ్మా! నా మొగుణ్ణి తినేసినావు, ఊరుకున్నాను. నా పిల్ల జోలికొస్తే ఊరుకోను. తల్లివైతే నీళ్ళియ్యి. కాదంటే తల్లినని సెప్పుకోకు!"

ఎంత మాట అని చెవులు మూసుకోకండి. కన్నకడుపు అలాగే అరుస్తుంది. అరిచి అరిచి ఆమె మొగలి నీడన సొమ్మసిల్లింది. కలలో తూనీగ రెక్కంత పల్చని చీర కట్టిన ముత్తైదువ కనబడి నవ్వింది.

"తిట్టడం అయిందేటి? నేల తవ్వితే ఉప్పే వస్తాది. నా బిడ్డలు పురుడెక్కడ పోసుకుంటన్నారో సూడు."

ఉలిక్కిపడి లేచేసరికి ఒక ఎర్ర తూనీగ తోక వంచి మొగలి ఆకుల మొదట్లో గుడ్లు పెడుతోంది. దాలమ్మ ముళ్ళకు చేతులు చీరుకుపోతున్నా లెక్కచెయ్యక ఆకులు విడదీసింది. ప్రతి ఆకూ కాండాన్ని పట్టుకునే చోట దొప్పలా ఉంది. ఆ దొప్పలో వాననీరు! అందులో తూనీగ పిల్లలు ఈదుతున్నాయి. చీర చెంగు ముంచి పీల్చింది, ప్రతి దొప్పలోనూ ఇంత నీరు వాటికి వదిలేసింది. సాయంత్రానికి పిల్ల నోటికి పాలు అందాయి.

చాలాకాలానికి గన్నయ్య పడవతో వచ్చాడు, ఎముకలు ఏరి కర్మ చేయిద్దామని. ఆమెను వెళ్ళగొట్టినా చేపలేమీ విరగబడలేదు మరి! ఒడ్డున పిల్ల తప్పటడుగులు వేస్తూ ఎదురొచ్చింది. కల సంగతీ నీళ్ళ సంగతీ ఆమె నోట విని వచ్చినవాళ్ళంతా దాలమ్మ కాళ్ళ మీద పడ్డారు. "ఈ పొదలు కొట్టించి అమ్మకు గుడి కట్టిస్తాను," అంటూ గన్నయ్య కత్తి ఎత్తాడు.

"పొద మీద కత్తి పడాలంటే ముందు నా మీద పడాలి," అంది దాలమ్మ అడ్డంగా నిలబడి. "ఇదే ఆయమ్మ బిడ్డల పురిటిల్లు. ఇది కూల్చి ఎవరికి కడతావు మావా?"

గన్నయ్య కత్తి దించేశాడు. "పోనీ ఊరికి పద, పడవెక్కు," అన్నాడు.

"ఎక్కుతాను. తెడ్డు నాకియ్యి."

"ఆడదానివి..."

"ఐతే నువ్వుండు ఇక్కడ."

గన్నయ్య తెడ్డు ఇచ్చాడు. గవ్వలపేట రేవులో పడవ ఆగేసరికి ఊరంతా ముక్కున వేలేసుకుంది. దాలమ్మ తెడ్డు వేస్తోంది. కులపెద్ద అడుగున కూర్చుని చంటిదాన్ని ఆడిస్తున్నాడు.

నేటికీ తొలకరి తర్వాత జరిగే జాతరకు ఈ ఆచారం తప్పదు. దిబ్బ కనబడగానే మోటారు ఆపుతారు. అక్కణ్ణుంచి తెడ్లు ఆడవాళ్ళవే. మగవాళ్ళు చంటిపిల్లలను ఎత్తుకుని పడవ అడుగున కూర్చుంటారు, గన్నయ్య వంశంవారు అందరికన్నా ముందు. తూనీగలమ్మగా వెలసిన గంగమ్మను అడిగిన బాలింతలకు పాలు పడతాయని, వెలివేసిన ఊరే ఎదురొచ్చి పిలుస్తుందని ప్రతీతి. అయితే అడగాలి. పొద ముందు చేతులు జోడించి వంగబోయే కొత్త కోడలి నడుం మీద వెనకనున్న ముసలమ్మ ఒక్కటి చరుస్తుంది.

"వంగకే పిల్లా, నిలబడి అడుగు!"