నారాయణపక్షుల ఆకు తలుపు

పుల్లపాడులో ఉండే మా చిన్నమామయ్య పద్మనాభం చేయి తిరిగిన ఫొటోగ్రాఫరే కానీ, కంటికి ఏది అడ్డొచ్చినా ఓర్చుకోలేని తొందరమనిషి.

ఆ ఊరి చెరువుకు ఏటా కార్తీకం వెళ్ళగానే నారాయణపక్షులు వచ్చేవి. బూడిదరంగు రెక్కలు, పొడవాటి మెడలు, జపంలో ఉన్నట్టు ఒంటికాలి మీద నిలకడ. పురిటికొచ్చిన ఆడపడుచులని ఊరంతా వాటిని తలచేది. అవి వెళ్ళేదాకా గట్టు మీద పెళ్ళిమేళం మోగేది కాదు. కానుగచెట్ల రెమ్మ ఎవరూ తుంచేవారు కాదు.

ఒక ఏడు గట్టు మీది ఒక కానుగచెట్టుపై ఒక జంట గూడు కట్టుకోవడం మామయ్య చూశాడు. మంచుతెరలోంచి మగపక్షి పుల్ల తెచ్చేది. మెడ వంచి ఆడపక్షికి అందించేది. ఒక్క క్షణం ఆ పుల్ల రెండు ముక్కుల మధ్యా ఆగేది. ఆ క్షణం కోసం మామయ్య వారం రోజులు గట్టున కూర్చున్నాడు. ప్రతిసారీ ఒక గుబురుకొమ్మ అడ్డొచ్చేది.

"ఆ ఒక్క కొమ్మా తీసేస్తే చాలమ్మా," అన్నాడు అమ్మమ్మతో.

"పురిటిగది తలుపు ఊడబీకుతావుట్రా?" అంది అమ్మమ్మ.

"తలుపేమిటమ్మా, కానుగకొమ్మ!" అని నవ్వాడు.

మర్నాడు పక్షులు మేతకెళ్ళిన వేళ, మునక్కాయలు కోసే దోటితో ఆ కొమ్మ లాగేశాడు. ఫొటో వచ్చింది. ఎంత బాగా వచ్చిందని! పుల్లా, రెండు ముక్కులూ, వెనక లేత ఎండ.

చాటు పోయిన గూడు కాకుల కంటా పడింది. అప్పుడే పెట్టిన తొలి గుడ్డును అవి ఎత్తుకుపోయాయి. ఆ జంట గూటి చుట్టూ రెండుసార్లు తిరిగి, చెరువు దాటి వెళ్ళిపోయింది. తర్వాత మిగతా పక్షులొచ్చి ఆ గూటి పుల్లలు ఒక్కొక్కటే పట్టుకెళ్ళాయి. మామయ్య చివరి పుల్లదాకా చూస్తూ కూర్చున్నాడు. కెమెరా ఎత్తలేదు.

ఆ ఫొటోను ఎవరినీ గోడకు తగిలించనివ్వలేదు. మా ట్రంకుపెట్టె అడుగున ఇప్పటికీ ఉంది.

పై ఏడు ఆకుల వెనకనుంచే ఇంకో ఫొటో తీశాడు. అందులో ఒక ముక్కు, సగం పుల్ల, మిగతాదంతా పచ్చటి మసక. దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు.

"ఆకులు అడ్డొచ్చాయి కదా మామయ్యా!" అన్నాను.

"అడ్డం కాదే పిచ్చితల్లీ, అది వాళ్ళ తలుపు," అన్నాడు.

పిల్లలూ, ఎంత అందమైనదైనా సరే, మన కంటికి కనబడాలని దాని చాటును తీసేయకూడదు.