ఆగడం రాని పడవ

ఒక రాజుకి సముద్రం ఉండేది. తొందర కూడా ఉండేది. పక్క రాజుల ఓడలు తన ఓడల్ని దాటిపోతుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. పడవలు కట్టే వడ్రంగిని పిలిపించి, అన్నిటినీ దాటిపోయే యుద్ధపు పడవ ఒకటి కట్టమన్నాడు.

వడ్రంగికి యుద్ధాలతో పని లేదు. అతనికి ఒక్కడే తమ్ముడు, సముద్రం మీద వేటకి పోతాడు. ఆ తీరంలో గాలివాన లేస్తే వేటకెళ్ళినవాళ్ళు బోర్లాపడ్డ నావల్ని పట్టుకుని వేలాడుతుంటారు. సాయానికి బయల్దేరిన పడవ తెడ్లు వేసుకుంటూ తాపీగా చేరేసరికి అక్కడ నావ మాత్రమే మిగిలి ఉంటుంది. వేగమైన పడవంటూ ఒకటుంటే ఎప్పటికైనా తన తమ్ముణ్ణి దక్కించుకోవచ్చని వడ్రంగి ఆశ. అందుకే ఒప్పుకున్నాడు. రాజుతో ఆ మాట అనలేదు. అన్నా ఆయన వినే రకం కాదులెండి.

నీళ్ళు పట్టి లాగుతున్నంతసేపు ఏ పడవా పరిగెత్తలేదు. వడ్రంగి బాగా ఆలోచించి, పడవలో ఇంజను పెట్టి, పొట్ట కింద నీళ్ళలో మునిగి ఉండేలా ఉక్కు రెక్కలు తగిలించాడు. పరుగు అందుకున్నాక నీళ్ళే ఆ రెక్కల్ని ఎత్తాలి, పొట్ట గాలిలోకి లేవాలి. మొదట చేసిన రెక్కలు విరిగిపోయాయి. మళ్ళీ చేస్తే పడవ చేపలా ఎగిరి ముక్కు నీళ్ళలో పొడుచుకుంది. రాజు విసుక్కున్నాడు, కొలువులో వాళ్ళు నవ్వారు, వడ్రంగి మాత్రం కడుతూనే ఉన్నాడు. ఆఖరికి ఒకనాటి పొద్దున్న పడవ పొట్ట నీళ్ళని వదిలేసి లేచింది. రెక్కల మీద నిలబడి, అలల్ని తాకకుండా దూసుకుపోయింది. ఒడ్డున జనం ముక్కు మీద వేలేసుకున్నారు. వడ్రంగికి ఏడుపు ఆగలేదు. తమ్ముడు బతికిపోయినట్టే అనుకున్నాడు పిచ్చివాడు.

"ఇంకా వేగం కావాలి," అన్నాడు రాజు.

"బరువు తగ్గిస్తే వస్తుంది మహారాజా."

"అయితే తగ్గించు."

లంగరు తీసేశారు. తాళ్ళు తీసేశారు. మునిగేవాళ్ళని పైకి లాగి పడుకోబెట్టడానికి వడ్రంగి వెనకవైపు చిన్న గది కట్టుకున్నాడు. "యుద్ధానికి పోయే పడవలో పడకలెందుకయ్యా?" అని రాజు దాన్నీ పీకించాడు. పీకేసినప్పుడల్లా వేగం పెరిగింది. చివరికి పొట్ట చెక్కల్ని చిత్రిక పట్టి పలచన చేశారు. ఇక ఆ పడవ రేవు గోడల మధ్య కదలని నీళ్ళలోనే కిందికి దిగాలి. నడి సముద్రంలో ఆగి అలల మీద కూర్చుందంటే చెక్కలు విచ్చిపోతాయి. ఇది వడ్రంగికి తెలుసు. తెలిసే చిత్రిక పట్టాడు. చేతిలో పని అంత బాగా కుదురుతుంటే ఎవరికి మాత్రం ఆపబుద్ధవుతుంది?

ఆ ఏడాది వానాకాలంలో గాలి ఉన్నట్టుండి తిరగబడింది. వేటకెళ్ళిన నావ ఒకటి బోల్తాకొట్టింది. అందులో వడ్రంగి తమ్ముడున్నాడు. వడ్రంగి పరిగెత్తుకుంటూ వెళ్ళి రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"వేళకి చేరగలిగేది మీ పడవ ఒక్కటే మహారాజా. తాళ్ళు, బెండు చెక్కలు వేసి పంపండి. ఆగక్కర్లేదు, పోతూ పోతూ విసిరినా చాలు."

"పడవని పంపుతాను. తాళ్ళు మాత్రం వద్దు. నా పడవ బరువుతో ఈడ్చుకుంటూ పోవడం జనం చూడాలా?"

పడవ లేచింది. కన్నుమూసి తెరిచేలోపు చుక్కంత అయి కనుమరుగైంది. చేరడం నిజంగానే వేళకి చేరింది. మనుషులందరూ ఇంకా నావని పట్టుకునే ఉన్నారు. పడవని చూసి, ఉన్న ఓపికంతా కూడగట్టుకుని రెండేసి చేతులు పైకెత్తారు.

ఆ రాజ్యంలో రాజుగారి పడవ కనిపిస్తే జనం రెండు చేతులూ ఎత్తి మొక్కాలి. పడవ మీదవాళ్ళు తిరిగి నమస్కారం పెట్టాలి. అది అక్కడి మర్యాద. పడవ మీదవాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. వరసగా నిలబడి, చక్కగా నమస్కారం పెట్టి, ముందుకి సాగిపోయారు.

పడవ నడిపే సరంగు తిరిగొచ్చి రాజుకి చెప్పాడు.

"అందరూ బతికే ఉన్నారు మహారాజా. అంత ఆపదలోనూ మీ పడవకి చేతులెత్తి మొక్కారు."

రాజుకి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి ప్రజలు ఎవరికి దొరుకుతారన్నాడు. కోటలో డప్పులు మోగించారు.

వడ్రంగి సరంగు చొక్కా పట్టుకున్నాడు. "మా తమ్ముడు కనిపించాడా?"

"ఎవడు ఎవడో నాకేం తెలుసయ్యా? అందరూ మొక్కారు. నాకు చెప్పిన పని వేళకి వెళ్ళడం. వెళ్ళాను."

తెడ్ల పడవ ఎక్కి వడ్రంగి తనే బయల్దేరాడు. చేరేసరికి పొద్దు వాలింది. నావ ఒక్కటే తేలుతోంది. దాని చుట్టూ తిరిగి తిరిగి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి పిలిచి, గొంతు పోయాక వెనక్కి వచ్చాడు.

తమ్ముడి భార్య ఒడ్డునే నిలబడి ఉంది. ఆమె ఏడవడం లేదు. ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ పడవ వెళ్ళేసరికే అయిపోయిందా బావగారూ?"

వడ్రంగి ఆమె మొహం చూడలేకపోయాడు. మొగుడు బతికుండగా పడవ అటుగా వెళ్ళిందనీ, నమస్కారం పెట్టి పోయిందనీ ఏ నోటితో చెప్పాలి? ఆ మాట వింటే ఈ పిల్ల బతుకుతుందా?

"అవునమ్మా," అన్నాడు. "కొంచెం ఆలస్యమైపోయింది."

ఆ మాట ఊరంతా పాకింది. పాపం, కొంచెంలో తప్పిపోయిందట అని ఒకరితో ఒకరు చెప్పుకుని ఏడ్చారు. కోట దాకా వెళ్ళి, ఇంకా వేగమైన పడవ కట్టించమని రాజుని వేడుకున్నారు. రాజు వద్దంటాడా?

మర్నాడు తమ్ముడి భార్య వడ్రంగి కొట్టానికి వచ్చింది. తన ఇంటి తలుపు ఊడదీసి నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది. పాతకాలపు చెక్క, ఎండి ఎండి తేలికైపోయింది. దాన్ని అతని ముందు దించి, చెమట తుడుచుకుంది.

"దీన్ని వాడండి బావగారూ. ఈసారి ఇంకొంచెం వేగంగా పోయేటట్టు కట్టండి. నా గతి ఇంకో ఆడదానికి పట్టకూడదు."

వడ్రంగి నోరు తెరిచాడు. ఆమె అతని వంకే చూస్తోంది. నోరు మూసుకుని, చిత్రిక అందుకున్నాడు.