బూడిదన్న లేవని రోజు

నల్లగుట్ట అడవిలో ఎండలు ముదిరితే టేకాకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతాయి. వాగు ఎండి మడుగులవుతుంది, మడుగులు ఎండి బురదగుంటలవుతాయి. ఆ గుంటల్లో పెద్దదాంట్లో, ముక్కు ఒక్కటి బయటపెట్టి పడుకునుంటాడు ఒక ముసలి దున్నపోతు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒళ్లంతా ఎప్పుడూ బూడిదే కాబట్టి బూడిదన్న అంటారు.

బూడిదన్న వయసులో ఉండగా ఒకసారి ఇప్పపూలు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకులు తగలబెట్టి వెళ్లిపోయారు. గాలి లేచింది. మంట గుట్టంతా పాకి జింకల మందలో సగాన్ని మింగేసింది. బురదలోంచి బెదిరి పరుగెత్తిన బూడిదన్న కాలు జారి ఆ మంటలోనే దొర్లాడు. లేచి చూసుకుంటే, దొర్లినంత మేరా మంట చచ్చిపోయి ఉంది.

అలా పుట్టింది అగ్గిదండు. బూడిదన్న బురద ఒంటితో దొర్లేవాడు. ఎలుగుబంటి ఎలుగక్క పచ్చికొమ్మతో బాదేది. అడవిపంది కోరయ్య మూతితో నేల తిరగదోడి, మంట దాటకుండా మట్టిబాట తీసేవాడు. పొగ కనబడితే తీతువు పిట్ట అరిచేది. మొదట్లో అడవంతా దండులోనే ఉంది. రెండు మంచి వానాకాలాలు పోయాయో లేదో, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు ఒక్కొక్కరే జారుకున్నారు.

"మా కాపురం చెట్ల మీద కదన్నా" అన్నాయి కోతులు.

"మావి సన్నటి కాళ్లు, కమిలిపోతాయి" అన్నాయి దుప్పులు.

చివరికి ఆ నలుగురే మిగిలారు. తీతువు అరిస్తే లేవడం, ఆర్పడం, దగ్గుకుంటూ వచ్చి బురదలో పడటం. బూడిదన్న మోకాళ్లు అరిగిపోయాయి. వీపు మీద వెంట్రుకలు మళ్లీ మొలవడం మానేశాయి.

ఈ ఏడాది మంటలకు లెక్కే లేదు. ఇప్పపూలు రాలడం ఆగిపోయి, మనుషులు అడవికి రావడం మానేసినా, గడ్డి తగలబడుతూనే ఉంది. ఆర్పిన ప్రతిసారీ నక్కబావ వచ్చి పరామర్శించేవాడు.

"అయ్యో అన్నా, మళ్లీ నీకే వచ్చాయా పాట్లు! నువ్వున్నావనే ధైర్యంతోనే ఈ అడవి కంటినిండా నిద్రపోతోంది."

"నాకే నిద్ర లేదు బావా" అనేవాడు బూడిదన్న, కళ్లు తెరవకుండానే.

ఒకనాడు నక్కకు మరీ జాలి పుట్టింది. "ఇంత దూరం నడవలేకపోతున్నావు. రేపు తూర్పువాగు పక్కన పడుకో అన్నా. నడక తగ్గుతుంది" అన్నాడు.

మంచి మాటే అనుకుని బూడిదన్న తూర్పువాగు పక్కన పడుకున్నాడు. మధ్యాహ్నానికి అక్కడే మంట లేచింది. ఆర్పి, ఆయాసంతో కూలబడ్డాక తట్టింది: రేపటి మంట ఎక్కడ లేస్తుందో వీడికెలా తెలిసింది?

కోపం రావాలి. రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"మంటకు బెదిరి కుందేళ్లూ కౌజుపిట్టలూ పరుగెత్తుతాయి. గాలివాటున కూర్చుని పట్టుకుంటున్నాడు" అన్నాడు మిగతా ముగ్గురితో. "అడవి అంచున మనుషుల బొగ్గులబట్టీ నుంచి కొరివి తెస్తున్నట్టున్నాడు. తిన్నాక ఆర్పడానికి మనం ఉండనే ఉన్నాం."

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికెవడో. వీడు ఆ ఇల్లే అంటిస్తున్నాడు! పద, చీరేస్తాను" అంది ఎలుగక్క.

"చీరితే పోయేది ఒక నక్కే అక్కా. నమ్మేవాళ్లేరీ? వాడి నోటితోనే అడవంతా వినాలి." బూడిదన్న కోరయ్య వైపు తిరిగాడు. "ఇంక కాలనిది కుందేళ్ల దిబ్బ ఒక్కటే. తన గుహ పక్కనే కాబట్టి చివరికి ఉంచుకున్నాడు. గాలి అటు తిరిగిందంటే వాడే నిజం కక్కుతాడు. దాని చుట్టూ మట్టిబాట తియ్యి."

"చూస్తే?"

"పంది తవ్విన నేలను ఎవడు చూస్తాడయ్యా? గడ్డల కోసం అనుకుంటారు."

కోరయ్య తవ్వాడు. తీతువు వెళ్లి కుందేళ్లను చెవిలో హెచ్చరించి, దిబ్బ ఖాళీ చేయించింది.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి కుందేళ్ల దిబ్బ మీద పొగ లేచింది. నక్క గాలివాటున నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఒక్క కుందేలూ రాలేదు. ఈలోగా గాలి తిరిగింది. మంట నక్క గుహ వైపు మళ్లింది. లోపల పెళ్లాం, కళ్లు తెరవని కూనలు.

నక్క బురదగుంట దగ్గరికి పడుతూ లేస్తూ వచ్చాడు. "అన్నా! మంట! లే!"

బూడిదన్న కదల్లేదు. "మోకాళ్లు లేవట్లేదు బావా. వెళ్లి నువ్వే ఆర్పు."

"నేనా? ఎలా ఆర్పను?"

"తోక లేదూ? బాదు."

నక్క వెనక్కి పరుగెత్తి తోకతో బాదాడు. తోక అంటుకుంది. ఏడుస్తూ మళ్లీ వచ్చాడు. వాడి కేకలకు కోతులూ దుప్పులూ గుంట చుట్టూ మూగాయి.

"నా పిల్లలన్నా! గాలి అటు పోతుందనే అంటించాను! అన్నిసార్లూ ఆర్పావు కదా, ఇప్పుడూ ఆర్పుతావనే అంటించాను!"

అడవంతా ఆ మాట వింది. అలా పడుకుని ఉండటం బూడిదన్నకు పరుగెత్తడం కంటే కష్టమైంది. మట్టిబాట ఉందని తెలుసు, మంట దాటదనీ తెలుసు. అయినా పొగ వాసనకు నాలుగు కాళ్లూ వాటంతటవే లేవబోతున్నాయి. వాటిని బురదలో అదిమిపట్టాడు.

"పోయి నీ గుహ చూసుకో. మంట బాట దగ్గరే ఆగి ఉంటుంది" అన్నాడు చివరికి.

ఆగిపోయింది. గుహకు బారెడు దూరంలో, కోరయ్య తిరగదోడిన మట్టి అంచున, తినడానికి గడ్డి దొరక్క చల్లారింది. కూనలు లోపల నిద్రపోతున్నాయి. బోడితోక వేసుకుని గుమ్మంలో కూలబడ్డ నక్క ముందుకు కోరయ్య వచ్చి నిలబడ్డాడు.

"రేపట్నుంచి నా పక్కన నువ్వూ తవ్వుతావు బావా. నీకు మూతి సన్నం, పని ఎక్కువ."

గుంట దగ్గర దుప్పులు తలలు దించుకుని దండులో ఎవరు ఏ పని చేయాలని అడిగాయి. చెప్పడానికి బూడిదన్న మెలకువగా లేడు, బురదలో గురక పెడుతున్నాడు.

నీతి: ఆర్పేవాడున్నాడు కదా అని నిప్పు పెట్టేవాడికి, ఆర్పేవాడు అలసిన నాడే బుద్ధొస్తుంది.