ఆరలేదన్న మాట

అనగనగా, ఉప్పుగాలి తప్ప వేరే గాలి ఎరగని ఒక రేవు. అక్కడ ఎర్రన్న, అతని చెల్లెలు దేసమ్మ ఉండేవారు. ఎర్రన్న ఒంటినిండా రబ్బరు తొడుగు వేసుకుని, చల్లటి కడలి అడుగుకు దిగి ముత్యాలు తెచ్చేవాడు. తొడుగు చిరిగితే దేసమ్మ బాగుచేసేది. మంచినీళ్లతో ఉప్పంతా కడిగి, నీడన ఆరబెట్టి, చిరుగు అంచులకు జిగురు రాసి అతికేది. జిగురు బాగా ఆరేదాకా తొడుగును ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఆ రేవులో ఒక ఆచారం ఉంది. మనిషి నీళ్లలోకి దిగే వేళ ఇంటి ఆడపడుచు ఒడ్డున దీపం పెట్టి, "ఆరలేదు" అని కేక వేయాలి. నీ దీపం వెలుగుతోంది, క్షేమంగా రా అని దానర్థం. ఆ వేళ చావు మాట ఎవరూ ఎత్తకూడదు.

ఆ దేశపు రాజుకు ముత్యాలంటే మోజు. ఆయన మొదటిసారి కబురు పంపినప్పుడు తొడుగు మోకాలి దగ్గర చిరిగి ఉంది. ఎర్రన్న ఆగాడు. రెండోసారి మోచేతి దగ్గర చిరిగింది. "ఏమే, నీ జిగురేమన్నా పెళ్లికూతురా, ఇంతసేపు ముస్తాబు?" అని వేళాకోళం చేస్తూనే ఆగాడు.

మూడోసారి చంక కింద కుట్టు విడిపోయింది. దేసమ్మ జిగురు రాసి అతికి, తొడుగును నీడన దండెం మీద ఆరేసింది. ఈసారి రాజే స్వయంగా రేవుకొచ్చి నిలబడ్డాడు. రాజు ముందు ఆగమనడానికి ఎర్రన్నకు నామోషీ అయింది. దేసమ్మ ఇంట్లో తులసికోటకు పొద్దుటి దీపం వెలిగించుకుంటుంటే, దండెం మీది తొడుగు తీసి వేసుకుని పడవెక్కాడు.

దేసమ్మ దీపంతో బయటికొచ్చి చూసింది. దండెం ఖాళీగా ఉంది. ఒడ్డుకు పరుగెత్తి, "అన్నా, ఆరలేదు" అని అరిచింది.

ఎర్రన్న ఆమె చేతిలో దీపం చూశాడు. నవ్వి చెయ్యెత్తాడు.

"ఆరలేదు, అన్నా, ఆరలేదు" అని ఆమె మళ్లీ అరిచింది. అది దీవెనే అనుకుని ఒడ్డునున్న ఆడవాళ్లంతా గొంతు కలిపారు. దిగితే చచ్చిపోతావన్న మాట ఆమె నాలుక దాకా వచ్చింది. ఆచారం గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

ఎర్రన్న మునిగాడు. లోతుకు వెళ్లాక అతుకు ఊడింది. చలినీళ్లు చొరబడి తొడుగు బరువెక్కింది. సాయంత్రానికి అల అతన్ని ఒడ్డుకు తెచ్చింది. దేసమ్మ చేతిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

కొన్నాళ్లకు రాజు మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకొకరి కొడుకు పడవ దగ్గర నిలబడ్డాడు. అతని తొడుగు దేసమ్మ ఒళ్లో ఉంది.

"జిగురు ఆరలేదు, ప్రభూ. ఇప్పుడు దిగితే ఈ పిల్లాడు చచ్చిపోతాడు" అంది దేసమ్మ.

ఒడ్డంతా చెవులు మూసుకుంది. రాజు మాత్రం ఆ మాట విన్నాడు. తల దించుకుని, జిగురు ఆరేదాకా ఇసుకలో కూర్చున్నాడు. ఆ పిల్లాడు మర్నాడు దిగాడు, తిరిగి వచ్చాడు. అతని తల్లి ఏడుస్తూ దేసమ్మ చేతులు పట్టుకుంది. ఆ చేతులకు ఇంకా జిగురు వాసన వస్తోంది.

పిల్లలూ, ప్రాణం మీదికి వచ్చినప్పుడు శుభమైన మాట చాలదు. చేదైనా సరే, నిజాన్ని విడమరచి చెప్పాలి.