ముందు విమానంలో కొత్త మనిషి

దాలినాయుడు మేష్టారికి ఒక అలవాటుంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన నోటితో జవాబు చెప్పరు. విజయనగరంలో ముప్పై ఏళ్ళు డ్రైవింగు స్కూలు నడిపిన మనిషి. "క్లచ్చి అంటే ఏమిటండీ?" అని అడిగినవాణ్ణి "ముందు ఎక్కు" అనేవారట. ఎక్కాక మిగతాది బండే చెప్పేదట. ఆ స్కూలు మూసేశాక, అరవై మూడో ఏట, ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఆకాశంలో విమానాలతో యుద్ధం చేసే ఆన్‌లైన్ ఆట నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకున్నారా? నలభై మందిని పోగేసి, 'తూనీగల దళం' అని పేరు పెట్టి, మాకు గురువై కూర్చున్నారు. మేము తలా ఒక ఊళ్ళో ఉంటాం. మా గురుకులమంతా చెవులకు తగిలించుకున్న మైకుల్లోనే. ఆ నలభై మంది పోగా పోగా మిగిలిన తొమ్మిది మందిలో నేనొకణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది నా చెవులతో విన్నదీ, నా విమానంతో సహా మునిగి తెలుసుకున్నదీను.

మా అందరిలోకీ మొనగాడు హేమసుందర్. పార్వతీపురంలో మందుల కొట్టు అతనిది. చెయ్యి అంటే అదీ చెయ్యి! అప్పటికి తొంభై తొమ్మిదిసార్లు వరసగా యుద్ధానికి ఎగిరి, తొంభై తొమ్మిదిసార్లూ క్షేమంగా తిరిగొచ్చి దిగాడు. నూరోసారి కూడా దిగితే విమానం తోక మీద బంగారు ఈక వేస్తారు. మధ్యలో ఒక్కసారి కూలితే లెక్క మళ్ళీ సున్నా నుంచే. ఎనిమిది నెలల తపస్సు అది. మా దళంలో ఇంకెవరికీ ఆ ఈక లేదు. నేనైతే వరసగా నాలుగు దాటలేదు, నవ్వకండి.

అలాంటి హేమసుందర్ ఒక శనివారం పొద్దున్న మేష్టార్ని అడిగాడు.

"మేష్టారూ, కొత్తవాళ్ళని రప్పించగలుగుతున్నాను గానీ నిలబెట్టలేకపోతున్నాను. బొమ్మలు వేయించాను, వీడియోలు పెట్టాను. పోయిన నెల ముప్పై ఒక్కమంది వచ్చారు. ముప్పై ఒక్కమందీ పోయారు. వాళ్ళ కోసం అరవై నాలుగు పేజీల పాఠం రాశాను. అది చదివాక రాయడానికి ఇరవై ప్రశ్నల పరీక్ష కూడా పెట్టాను. ఇంకేం చెయ్యాలండీ?"

పాపం, నిజంగానే బాధపడుతున్నాడు. అందరం మైకుల్లో ఉన్నాం. మేష్టారు అంతా విన్నారు. ఆయన కుర్చీ కిర్రుమన్న చప్పుడు నా చెవిలో కూడా పడింది.

"రేపు పదింటికి పోటీ ఉంది కదా? ఒక కొత్త మనిషి వస్తోంది. ఆవిడకి రెండో విమానం నువ్వు."

రెండో విమానం అంటే ముందు పోయేవారి రెక్క పక్కనే ఉంటూ, వెనకనుంచి వచ్చే శత్రువుని కాసుకునేవాడు. హేమసుందర్ ఎప్పుడూ ముందు విమానమే. రెండోవాడుగా ఎగిరి ఏడాదిన్నర దాటింది.

"ఆవిడ ముందా? మేష్టారూ, ఆవిడ ఇంకా పరీక్షే రాయలేదు!"

"నువ్వు ఏ పరీక్ష రాసి నడక నేర్చావురా?" అన్నారు మేష్టారు. "ఆవిడ ఎటు తిప్పితే మీరంతా అటు. అంతే."

ఆదివారం పది కొట్టేసరికి ఆవిడ వచ్చింది. పేరు చింతాడ కృష్ణవేణి, నలభై ఆరేళ్ళు, పలాసలో బస్సు కండక్టరు. బస్సులో ఒక కాలేజీ అమ్మాయి చేతిలోని ఫోనులో ఈ ఆట చూస్తూ, ఈవిడ టిక్కెట్లు కొట్టడం మరిచిపోయి రెండు స్టాపుల దాకా అలాగే నిలబడిపోయిందట. ఇంతకు ముందే రెండు దళాల్లో చేరబోయింది. ఒకచోట "ఇది వంటిల్లు కాదమ్మా" అన్నారట. ఇంకోచోట విమానం నేల మీద ఉండగానే సొంత జట్టువాళ్ళే కాల్చి పకపకా నవ్వారట.

"నాకేటీ రాదు బాబూ, ముందే చెప్తన్నాను," అంది మాతో. "ఇదే ఆఖరుసారి. ఇక్కడా కుదరకపోతే, ఈ యవ్వారం మనది కాదని మూసేస్తాను."

"ఫరవాలేదు మేడం," అన్నాడు హేమసుందర్. పళ్ళ సందునుంచి అన్నాడు.

మేష్టారు ఎగరలేదు. కంట్రోలు టవరులో కూర్చుని చూస్తున్నారు. రన్‌వే మీద ఆవిడ ఇంజను గర్జించింది. "రైట్, రైట్!" అని మైకులో ఒక్క కేక పెట్టింది. అలవాటు మరి! విమానం తిన్నగా పోకుండా గడ్డిలోకి దిగింది, ఒక గుడారం చుట్టూ ప్రదక్షిణం చేసి మళ్ళీ దారికొచ్చింది. మేష్టారి ఆజ్ఞ కదా, వెనక తొమ్మిది విమానాలూ గడ్డిలోకి దిగి ఆ గుడారం చుట్టూ తిరిగాయి. మొనగాడు హేమసుందర్‌తో సహా! నాకు నవ్వాగక కీబోర్డు మీద టీ ఒలికింది.

ఎగరగానే ఆవిడ విమానం ముక్కు నేలకేసి పోయింది. పైకి పోవాలంటే విమానం నడిపే కర్ర వెనక్కి లాగాలి. కొత్తవాళ్ళు ఎవరైనా ముందుకే తోస్తారు. "లాగండి! లాగండి!" అని అందరం ఒక్కసారే అరిచాం. సరుగుడు చెట్ల కొసలు రాసుకుంటూ లేచింది విమానం.

"ఓలమ్మో, ఎగిరింది! బాబూ, ఎగిరింది! నానే ఎగిరించేను!"

ఆ కేక వింటే ఒళ్ళు ఝల్లుమంది. నిజం చెబుతున్నాను, నేను రోజూ ఎగురుతూనే ఉన్నాను గానీ, ఎగురుతున్నానని నాకు తట్టి ఎన్నాళ్ళయిందో!

ఆ రోజు మా పని తూర్పున సముద్రంలో ఒక దీవి మీదున్న శత్రువు నూనె ట్యాంకులు పేల్చడం. ఆవిడేమో, "అటు ఆ కొండలు చూసేరా, ఎంత బాగున్నాయో! ఒక్కసారి చూసొద్దారి," అని ముక్కు పడమటికి తిప్పింది. "మేడం, మనకి టైము..." అని హేమసుందర్ అందుకున్నాడు. టవరులో మేష్టారు దగ్గారు. ఒకే ఒక్క దగ్గు. హేమసుందర్ నోరు మూసుకుని రెక్క తిప్పాడు. పది విమానాలం పెళ్ళివారిలా వరసగా కొండలు చూడబోయాం. లోయల్లో దూరాం, ఒక జలపాతం మీదుగా పోయాం. రెండేళ్ళకు పైగా ఆ ఆట ఆడుతున్నాం, అక్కడ జలపాతం ఉందని మాలో ఒక్కడికీ తెలియదు!

అవతలి జట్టువాళ్ళు దీవి మీద మాకోసం కాపు కాసి, ఎంతకీ రాకపోయేసరికి కంగారుపడ్డారు. ఇదేదో పెద్ద ఎత్తు అనుకుని సగం మంది మమ్మల్ని వెతకడానికి బయలుదేరారట. కొండలు చూసుకుని తీరిగ్గా మేము వచ్చేసరికి మిగతా సగమే ఉన్నారు. పడ్డాం వాళ్ళ మీద. చూడాలండీ ఆ జాతర! పొగలు, కేకలు, ఎవరు ఎవరి వెనక ఉన్నారో తెలియదు. "నేనూ కాలుస్తన్నాను! ఎవుర్నో తెలీదు!" అని ఆవిడ అరుస్తోంది. ఎవర్నో నాకు తెలుసు. నా రెక్కలో ఏడు చిల్లులు పడ్డాయి. "అయ్యో, మనోడా! తప్పయిపోయింది బాబూ!" అని ఆ హడావిడిలోనే క్షమాపణ కూడా చెప్పింది. ఆవిడ వెనక ఇద్దరు పడితే హేమసుందర్ గిరుక్కున తిరిగి ఇద్దర్నీ తరిమికొట్టాడు. ట్యాంకుల్లో ఒకటి ఆవిడ బాంబుకే పేలింది. గురి చూసి వేసిందో, బటను తప్పు నొక్కిందో నేను చెప్పను.

తిరిగి వచ్చాం. అసలు కథ అక్కడుంది.

చేయి తిరిగినవాళ్ళెవరూ ఆ ఆటలో ట్యాంకు నిండా ఇంధనం పోయించుకోరు. సగమే పోయించుకుంటారు. విమానం తేలిగ్గా ఉంటే చురుగ్గా తిరుగుతుంది, శత్రువు తేలిగ్గా దొరుకుతాడు. పని కాగానే వచ్చి దిగిపోవడమే. ఆ కిటుకు ఆవిడకి తెలియదు గనక ఆవిడ ట్యాంకు నిండుగా ఉంది. మాకేమో కొండలూ జలపాతాలూ చూసొచ్చేసరికి అడుగంటింది. దానికి తోడు ముందు విమానం దిగాకే మిగతావి దిగాలని మా దళంలో రివాజు. ఇన్నాళ్ళూ ముందు విమానం హేమసుందర్‌దే గనక ఆ రివాజు అతనికి ఏనాడూ అడ్డు రాలేదు.

కృష్ణవేణి మొదటిసారి మరీ ఎత్తున వచ్చి, సముద్రం ఒడ్డునున్న మా రన్‌వే దాటిపోయింది. రెండోసారి వంకరగా వచ్చి, చక్రం అంచుకు తగిలి, బెదిరి మళ్ళీ లేచిపోయింది. ఈ లోపల నా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. పారాచూట్ గొడుగేసుకుని సముద్రంలో పడ్డాను. నా వెనకే ఇంకొకడు, ఇంకొకడు. చూస్తూండగానే ఎనిమిది మందిమీ నీళ్ళలో ఉన్నాం. పైన ఆ ఇద్దరే మిగిలారు.

"బాబూ, అందరూ పడిపోతన్నారేటి?" అని అడిగింది ఆవిడ.

నాకు నోరాగదు కదా, చెప్పేశాను. ఇంధనం సంగతీ చెప్పాను, హేమసుందర్ నూరో ప్రయాణం సంగతీ, బంగారు ఈక సంగతీ చెప్పేశాను.

"ఓరి దేవుడా, ముందే చెప్పరేటి! బాబూ, నువ్వు దిగిపో. నాదేటుంది, కొత్తదాన్ని. పడితే పడతాను."

కింద రన్‌వే ఖాళీగా ఉంది. హేమసుందర్‌కి ఇంకా రెండు నిమిషాల ఇంధనం ఉంది. అతనికి ఒక్క నిమిషం చాలు. ఆవిడే దిగమంది, ఇక రివాజు కూడా అడ్డు కాదు. ఎవరూ తప్పు పట్టరు, నేనైతే అసలు పట్టను. మేష్టారు దగ్గుతారేమో అని చెవులు రిక్కించాను. టవరులోంచి ఊపిరి చప్పుడు కూడా రాలేదు. హేమసుందర్ విమానం కిందికి వాలింది. చక్రాలు దిగాయి. సముద్రంలో ఉన్న మా ఎనిమిది మందికీ అవి స్పష్టంగా కనిపించాయి.

తరవాత ఆ చక్రాలు మళ్ళీ లోపలికి ముడుచుకున్నాయి.

"అక్కా," అన్నాడు. పొద్దుటినుంచి మేడం అన్నవాడు. "మీ ఎడమ పక్క చూడండి. కనిపిస్తున్నానా?"

"కనిపిస్తన్నావు బాబూ."

"నన్నే చూస్తూ రండి. నేను తగ్గితే మీరూ తగ్గండి. నేను చక్రాలు దింపినప్పుడు మీరూ దింపండి. ఇంకేం చూడకండి."

ఆ రన్‌వే ఒక్క విమానం పట్టేంతే. ఆవిడ దాని మీదికి వస్తే, ఎడమ పక్కనున్నవాడు సరుగుడు తోట మీదికే రావాలి. ఆ సంగతి ఆవిడకి తెలియదు. అతనికి తెలుసు. రెక్కకు రెక్క ఆనించినట్టు ఇద్దరూ దిగుతున్నారు. "తగ్గించండి. ఇంకొంచెం. బాగుంది అక్కా, చాలా బాగుంది. చక్రాలు. ఇప్పుడు ముక్కు ఎత్తండి, కొద్దిగా, కొద్దిగా..." అతని ఇంజను ఆగిపోయింది. అయినా మాట ఆగలేదు. "వదిలేయండి అక్కా, అదే కూర్చుంటుంది."

ఆవిడ చక్రాలు నేలను తాకాయి. ఒకసారి ఎగిరి మళ్ళీ తాకాయి. నిలిచాయి. ఎడమ పక్క సరుగుడు తోటలో పెళపెళమని చెట్లు విరిగాయి.

ఎంత గోల చేశామో! ఆ రోజు మేము పోటీ గెలిచామనుకుంటారు ఎవరైనా. తొమ్మిది విమానాలు పోగొట్టుకున్నవాళ్ళు గెలుస్తారా? చిత్తుగా ఓడాం. నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను, మా ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "ఆగింది! బండి ఆగింది!" అని ఆవిడ అరుస్తోంది. అరిచి, ఊపిరి తీసుకుని, రోజూ బస్సులో అడిగే మాటే అడిగింది. "అందరూ దిగారా?"

"దిగాం అక్కా, సముద్రంలో!" అన్నాను నేను. ఆవిడ నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చేసింది. "మీరేటి మనుషులు బాబూ!" అంది. "వచ్చే ఆదివారం నాకు డ్యూటీ. ఎవరితోనైనా మార్చుకుని వచ్చేస్తాను. మా డిపోలో ఇంకో ఇద్దరాడోళ్ళున్నారు, తీసుకురానా? వాళ్ళకీ ఏటీ రాదు."

మా తెరల మీద హేమసుందర్ పేరు పక్కన అప్పటికి పెద్ద సున్నా కనిపిస్తోంది. ఎనిమిది నెలలు ఒక్క తోటలో పోయాయి. అతను మాత్రం నవ్వుతున్నాడు.

"తీసుకురండి అక్కా," అన్నాడు.

ఆవిడ వెళ్ళిపోయింది. మైకులో మేము మిగిలాం. కాసేపటికి హేమసుందర్ గొంతు సవరించుకుని, "మేష్టారూ, నిన్న నేను అడిగిన దానికి మీరింకా జవాబు చెప్పలేదండీ," అన్నాడు.

మేష్టారు కుర్చీలోంచి లేస్తున్నట్టున్నారు.

"ఇద్దరొస్తున్నారట కదా," అన్నారు. "ఈసారి ట్యాంకు నిండా పోయించుకో."