కుడితి గోలెంలోని గౌరమ్మ

పూర్వము మౌంజాయన మహాముని వింధ్యారణ్యమున తపము చేయుచున్న వసుశ్రుత మహామునికి మ్రొక్కి, "మహాత్మా! ధాన్యము నిండిన యిండ్లలోనే బిడ్డలు బక్కచిక్కుటయు, గడ్డివాములున్న దొడ్లలోనే పశువులు ఎముకలగూడులగుటయు చూచుచున్నాను. ఇది యే పాపఫలము? దీనికి వ్రతమేదైన కలదా?" అని యడిగెను. వసుశ్రుతుడు నవ్వి, "పాపమును కాదు, గ్రహమును కాదు నాయనా. చేతులార చేసికొన్నది. పేరిందేవి కథ వినుము" అని యిట్లు చెప్పెను.

గౌతమీ తీరమున మణిగుప్తుడను వర్తకుడుండెను. అతని యిల్లాలు పేరిందేవి. ఆమెకు లేక లేక కలిగిన కుమారుడు ఎఱ్ఱన. అత్తగారు బ్రతికియున్నన్నాళ్లు ఆ యింట ముడిబియ్యమే వండిరి. బియ్యము కడిగిన నీళ్లు, కూరల తొక్కలు, తవుడు, మిగిలిన గంజి పెరటిలోని రాతి గోలెములో పోయుచుండిరి. ఆ కుడితి త్రాగి ఆవులు కడవలనిండ పాలిచ్చెను. ముసలామె కన్నుమూయబోవుచు కోడలి చేయి పట్టుకొని, "గోలెం ఎండనివ్వకే. గోలెం చూస్తే ఇల్లు తెలుస్తుంది" అని చెప్పెను. పేరిందేవి తలయూపెను. తలయూపుటకేమి, గంగిరెద్దును ఊపును!

సిరి పెరిగినకొలది ఆమెకు గోలెము వాసన గిట్టదయ్యెను. చుట్టములు ముక్కు మూసికొందురని సిగ్గుపడి దానిని బోర్లవేయించెను. బియ్యము మల్లెమొగ్గలవలె ఉండవలెనని మరల మరల దంపించి, తవుడును గంజిని కడుగునీళ్లను నూతి ప్రక్క గుంటలో పారబోయించెను. బలమంతయు గుంట పాలయ్యెను, తెలుపు కంచములోనికి వచ్చెను. గుంట కుళ్లెను, ఈగలు ముసరెను, ఆ మురుగు నూతిలోనికి ఊరెను. ఆవుల పొదుగులెండెను. ఎఱ్ఱన కాళ్లు పొంగి, పట్టుదప్పి, లేచి నిలువలేక మంచము పట్టెను. వైద్యులు వచ్చిరి, భూతవైద్యులు వచ్చిరి, తాయెత్తులు కట్టిరి. బిడ్డ మాత్రము, "అమ్మా, నా కాళ్లు నా మాట వినటం లేదే" అని యేడ్చుచుండెను. పేరిందేవి ఆ కాళ్లను ఒడిలో పెట్టుకొని తానును ఏడ్చెను.

అంతట ఆషాఢమున ఒక శుక్రవారము గౌరీదేవి ముసలి రూపు దాల్చి, ఒక పెయ్యను తోలుకొని వాకిట నిలిచి, "నా పెయ్యకు ఇంత కుడితి పొయ్యి తల్లీ" అని యడిగెను.

"మా ఇంట్లో కుడితి ఉండదు అవ్వా."

"ఇదేం చోద్యమే! అయితే మీ ఇంట పొయ్యి వెలగదా?"

పేరిందేవి చిన్నబోయి, నూతినీళ్లు చేది పెయ్య ముందర పెట్టెను. పెయ్య వాసన చూచి మొగము త్రిప్పుకొనెను. పేరిందేవి, "అయ్యో! పశువు ముట్టని నీళ్లా నేను నా బిడ్డకు పోస్తున్నాను!" అని కూలబడెను. అవ్వ జాలిపడి, గోలెమును నిలిపి గౌరిగా పూజింపుమనియు, ఎండనీయవలదనియు చెప్పి పోయెను.

పేరిందేవి పూజించెను. ఎట్లు పూజించెననగా, గోలెమును తోమించి, పసుపు పూసి, పూలు చుట్టి, పట్టుగుడ్డ కప్పెను. గౌరమ్మ కొలువైనది గనుక అందు చుక్క కుడితియైనను పడనీయక కావలి పెట్టెను. ఎండనీయవలదన్నారని శుద్ధజలము చిలకరించెను. ఊరి ముత్తైదువలు వచ్చి ఆహా యనిరి. కథ వినుచున్న తల్లులారా, నవ్వకుడు. మన యిండ్లలోను ఇట్టి పూజలు కొన్ని కలవు. ఇంతలో దొడ్డిలో ఒక ఆవు పడి చచ్చెను. ఎఱ్ఱనకు చేతులును పట్టుదప్పెను.

మరుసటి శుక్రవారము అవ్వ మరల వచ్చెను. పెయ్య ఆశతో పట్టుగుడ్డను మూతితో తొలగించి, లోపల ఏమియు లేక, గోలెపు అంచును నాకి అంబా యని యరచెను.

"ఆకలేస్తే గౌరమ్మ పూలు తింటుందటే?" అని అవ్వ కసరెను.

"నువ్వే కదా పూజించమన్నావు!"

"గౌరి రాతిలో లేదే పిచ్చిదానా, తాగే నోట్లో ఉంది."

గుంట పూడ్చి నూయి తోడించుమనియు, కాచిన నీళ్లే త్రాగుమనియు, దొడ్డి పొడిగా ఉంచుమనియు, ముడిబియ్యము వండి ఆకుకూరతో బిడ్డకు పెట్టుమనియు, పశువు త్రాగిన పిమ్మటనే ఇల్లు కుడువవలెననియు అవ్వ చెప్పెను. చెప్పి, పెయ్యతో సహా కనబడకపోయెను.

పేరిందేవి ఈసారి ఎవరినీ పిలువలేదు. కొంగు బిగించి, పలుగు పట్టి, తానే గుంట పూడ్చెను. తవుడు బెల్లముతో ఉండలు చుట్టి బిడ్డకు తినిపించెను. చుట్టములు ముక్కు మూసికొనిరి, మూసికొననిచ్చెను. ఆవులు మరల పాలు చేపెను. ఎఱ్ఱన చేతులకు పట్టు వచ్చెను, కాళ్ల పొంగు మెల్లమెల్లగా తగ్గెను.

కార్తికమున ఒక ఉదయము ఆమె కుడితి చెంబుతో పెరటిలోనికి వచ్చునప్పటికి, ఎఱ్ఱన ప్రాకి వచ్చి, గోలెపు అంచు పట్టుకొని నిలిచియుండెను. కేకవేసినచో పడునేమోయని ఆమె నోట కొంగు కుక్కుకొనెను. వాడు ఒక చేయి వదలి, "ఇలా ఇయ్యవే, నేను పోస్తాను" అనెను. కుడితి సగము నేలపాలయ్యెను. మిగిలిన సగమును ఆవు త్రాగెను.

కావున, మౌంజాయనా, గోలెము ఎండనీయని ఈ వ్రతమును చూలాండ్రు, బాలెంతలు, బిడ్డల తల్లులు, పాడిగలవారు, పాడి కోరువారు, మగవారైనను ఆడువారైనను ఆచరింపవలెను. ఆచరించిన యింట బిడ్డలు నిలిచి నడతురు, ఆవులు నిండుగా ఈనును, నూతినీళ్లు తియ్యగా ఉండును. పట్టుగుడ్డ కప్పి ఊరకుండువారికి పట్టుగుడ్డయే దక్కును. కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొనుటకు ముందు పెరటిలోనికి పోయి గోలెములో చేయి పెట్టి చూడవలెను. తడిచేతితో వచ్చినవారికే అక్షతలు.